ఇరవై ఏడు పలికింది

ఆ యేడు గోధుమ కోతలు మొదలయ్యేనాటికి మా ఫ్రిజ్ మీది స్కానర్ మూగబోయి రెండు నెలలు దాటింది. అయినా నేను రోజూ దాని మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాను. "దాన్ని తీసి అవతల పెట్టి, అక్కడో పూలకుండీ పెట్టుకోరాదూ?" అన్నాడు నా మొగుడు వర్జిల్. పూలకుండీ ఏం మాట్లాడుతుంది, నా మొహం!

స్కానర్ అంటే మరేం కాదు. పోలీసులూ అంబులెన్సువాళ్లూ ఫైర్‌వాళ్లూ వైర్‌లెస్‌లో చెప్పుకునే మాటల్ని పట్టి వినిపించే చిన్న పెట్టె. మా పడమటి కాన్సస్‌లో అది లేని వంటిల్లు తక్కువ. ఇంటికీ ఇంటికీ మధ్య మైళ్ల కొద్దీ పొలాలు. ఎక్కడ ఏం తగలబడుతోందో, ఎవరింటికి అంబులెన్సు పోతోందో ఆ పెట్టె చెబితేనే తెలుస్తుంది. పైగా మా ఊరి ఫైర్ దళంలో జీతాలుండవు. రైతులు, మెకానిక్కులు, బడిపంతుళ్లు, అందరూ మనవాళ్లే. నీళ్లటాంకు మీద సైరన్ మోగిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తాల్సిందే. వర్జిల్ మా పెళ్లయిన మరుసటేడే అందులో చేరాడు. నీళ్ల లారీ నడపడం అతని పని. వైర్‌లెస్‌లో ఇరవై ఏడు అతని నంబరు.

"ఇరవై ఏడు బయల్దేరింది" అని అతని గొంతు వినపడగానే నేను స్టవ్ కట్టేసేదాన్ని. "ఇరవై ఏడు వెనక్కి వస్తోంది" అన్నాక మళ్లీ వెలిగించేదాన్ని. ఆ రెండు మాటల మధ్య నాకు ఏ పనీ తోచేది కాదు. కుర్చీ లాక్కుని ఫ్రిజ్ పక్కనే కూర్చునేదాన్ని. భయం ఉండేది, కానీ ఆ భయం నా చేతిలో ఉండేది. నా మొగుడు బతికున్నాడో లేదో తెలుసుకోడానికి ఇంకొకరి నోటివంక చూడాల్సిన ఖర్మ ఉండేది కాదు.

స్కానర్ ఉన్న ఇళ్లకి ఒక మర్యాద ఉంది. ఎవరింటి సంగతైనా చెవిన పడితే, ఆ ఇంటివాళ్లు తమంతట తాము ఎత్తేదాకా మనం నోరు మెదపకూడదు. ఏదన్నా వండి పట్టుకెళ్లొచ్చు, వాళ్ల పశువులకి మేత వెయ్యొచ్చు. అంతేగానీ "నిన్న మీ ఇంటికి పోలీసులొచ్చారటగా" అని అడిగినవాణ్ణి మా ఊళ్లో మనిషిగా లెక్కెయ్యరు. ఇది మా అమ్మ నాకు నేర్పింది, నేను ఏనాడూ తప్పలేదు. చర్చిలో పక్కన కూర్చున్నావిడ కాపురం గుట్టంతా తెలిసి కూడా ఆవిడతో వానల గురించి మాట్లాడి ఇంటికొచ్చిన ఆదివారాలున్నాయి. అప్పట్లో అది నాకు గర్వంగా కూడా ఉండేది.

ఏప్రిల్‌లో కౌంటీవాళ్లు, అంటే మా జిల్లావాళ్లు, కొత్త టవర్లు కట్టి వైర్‌లెస్ అంతటినీ కొత్త పద్ధతికి మార్చారు. ఆ పొద్దుటి నుంచి మా పెట్టెలో గరగర తప్ప ఏమీ లేదు. చంకన పెట్టుకుని పట్నంలో రేడియోలు బాగుచేసే ఆర్డెన్ దగ్గరికి పట్టుకెళ్లాను. అతను వెనక మూతైనా విప్పలేదు.

"ఇది పాడవలేదు మార్లిస్. వాళ్లు మాట్లాడే పద్ధతి మారిపోయింది. దీనికి ఆ మాట అర్థం కాదు" అంటూ అద్దాల బీరువాలోంచి ఓ కొత్తది తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదైతే పడుతుంది."

ధర చెప్పాడు. బడి వంటశాలలో పిల్లలకి వండివార్చి నేను తెచ్చుకునే నెల జీతంలో సగం పైమాటే.

"కొనమంటున్నావా, దాన్ని కాపురానికి తెచ్చుకోమంటున్నావా?" అన్నాను.

"ఊళ్లో అందరూ కొంటున్నారు. మీ ట్వైలా కిందటి వారమే పట్టుకెళ్లింది" అన్నాడు నవ్వుతూ.

ట్వైలా నా చిన్ననాటి స్నేహితురాలు. ఊరికి అవతలి వైపు వాళ్ల పొలం, పొలంలోనే ఇల్లు. పెద్ద మంటలైనప్పుడు మంట ఆర్పేవాళ్లకి తిండీ, ఐసు నీళ్లూ పట్టుకెళ్లేది మేమిద్దరమే. నేను బీరాక్‌లు చేసేదాన్ని, అంటే క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు. తను నీళ్ల డబ్బాలు ఎక్కించుకునేది. నేను వెళ్లి తనని ఎక్కించుకుంటే ఇద్దరం కలిసి పొగ కనపడిన దిక్కుకి పోయేవాళ్లం. ఏప్రిల్ నెలంతా "కొనవే, కొనవే, ఎంతసేపు ఆలోచిస్తావు" అని ట్వైలా నా ప్రాణం తీసింది. వర్జిల్ కూడా "చూద్దాంలే, కోతలకి ముందు తీసుకుందాం" అన్నాడు. ఆ మాటలు నాకు బాగా గుర్తు.

మే నెలలో ఊరికి ఉత్తరాన గడ్డి అంటుకుంది. గాలి తిరగబడి కెల్సీ చెయ్యి కాలింది. కెల్సీ ఆ ఏడాదే దళంలో చేరిన పిల్ల. బళ్లో నా చేతి తిండి తిని పెరిగింది. "ఎలా జరిగింది?" అని వర్జిల్‌ని అడిగితే, "గాలి తిరిగింది, అంతే" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బెదిరిపోయాడు పాపం అనుకున్నాను. నేను బీరాక్‌లు చేసి కెల్సీ వాళ్లింటికి పట్టుకెళ్తే, వాళ్లమ్మ గుమ్మంలోనే గిన్నె అందుకుని "థాంక్స్" అంది. లోపలికి రమ్మనలేదు. ఆసుపత్రి చుట్టూ తిరిగి అలసిపోయి ఉంటుందిలే అని సర్దుకున్నాను.

జూన్ వచ్చేసరికి వర్జిల్, ట్వైలా ఇద్దరూ మాట మార్చారు.

"స్కానర్ కొంటాను" అన్నాను ఒకరోజు భోజనాల దగ్గర.

"ఏంటి?" అన్నాడు వర్జిల్.

"స్కానర్. కొంటాను."

"ఇప్పుడెందుకు? పికప్‌కి టైర్లు అరిగిపోయాయి. ముందు అవి చూడాలి."

"నీ గొంతు వినాలి నేను."

"రోజూ ఇంట్లో వినడం లేదా?"

"ఇంట్లో వినేది 'ఏంటి' అనే ముక్క ఒక్కటే."

అతను నవ్వలేదు. ట్రాక్టర్లూ కోతమిషన్లూ బాగుచేసే మనిషి, షెడ్డులో రోజంతా ఇంజన్ల మోత. ఉప్పు అడిగితే నీళ్లందిస్తాడు, టీవీ పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి. ఈ సంగతి చెప్పి ట్వైలాతో నవ్వుకునేదాన్ని. "పెళ్లాం మాట వినపడకపోవడం మా లాంబర్ట్‌కీ ఉందిలే, దానికి మందు లేదు" అనేది ట్వైలా.

"నాకేమన్నా అయితే డెనిస్ ఇంటికొచ్చి చెప్తాడు" అన్నాడు వర్జిల్ చివరికి. డెనిస్ దళానికి పెద్ద.

"అయ్యాక చెప్పడానికి డెనిస్ ఉన్నాడని నాకూ తెలుసు. అవకముందు సంగతి నేను అడుగుతున్నది."

"పిచ్చి ఖర్చు, మార్లిస్. ఇక ఎత్తకు" అని లేచిపోయాడు.

ట్వైలా దగ్గర చెప్పుకుంటే అర్థం చేసుకుంటుందనుకున్నాను. చర్చివాళ్లు పెట్టే అమ్మకాల బజారు కోసం చర్చి హాల్లో నూడుల్స్ పిండి సాగదీస్తున్నాం ఇద్దరం.

"వర్జిల్ చెప్పింది నిజమేనే" అంది పిండి మీంచి తలెత్తకుండా. "నేను కొని ఏం సుఖపడ్డాను? ఎప్పుడు చూసినా రోడ్డు మీద ఆవు అడ్డమొచ్చిందనీ, ఎవడో తాళం పోగొట్టుకున్నాడనీ అదే గోల. నీకెందుకే తలనొప్పి."

"ఏప్రిల్‌లో నువ్వే కదే కొనవే అని చంపావు!"

"అప్పుడు తెలియలేదు. ఒక పని చేస్తాను. సైరన్ మోగిన ప్రతిసారీ నేను విని నీకు ఫోన్ చేస్తాను. సరేనా? తిండి సంగతి కూడా ఈ ఏడు వదిలెయ్. అన్నీ చిన్న మంటలేనట, నీళ్లు చాలంటున్నారు."

ట్వైలాకి చప్పుడు పడదు, తలనొప్పి మనిషి. స్కానర్ పెట్టినా చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడనంత చిన్నగా పెడుతుంది. అలాంటిది నా కోసం రోజూ విని కబురు చెప్తానంటోంది. అంతకంటే ఏం కావాలి? సరేనన్నాను. తర్వాత ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండేది.

కోతలు ఊపందుకున్నాయి. ఎండ నిప్పులు చెరిగింది. కోతమిషన్ల బేరింగులు కాలి ఎండు మొదళ్లకి అంటుకోవడం, సైరన్ మోగడం, వర్జిల్ పికప్ ఎక్కి దుమ్ము లేపుకుంటూ ఊళ్లోకి పోవడం. నేను ఫోన్ పక్కన కూర్చోవడం.

కాసేపటికి ట్వైలా ఫోన్ చేసేది. "అంతా బాగానే ఉందట. కంగారు పడకు. వర్జిల్ గొంతు ఇప్పుడే విన్నా. నీళ్లు నింపుకోడానికి వెళ్తున్నాడట" అనేది. ఇంకోసారి, "డెనిస్ ఏదో జోకేస్తే మీ ఆయన గట్టిగా నవ్వాడే, రేడియో అదిరిపోయింది" అంది. నేను కూడా ఆ నవ్వు విన్నట్టే పొంగిపోయి, స్టవ్ వెలిగించి కూర పెట్టాను.

వర్జిల్ ఇంటికొస్తే చొక్కాకి పొగ వాసన ఉండేది కాదు. అడిగితే, "లారీలోనే ఉన్నాను, గాలి అటు కొట్టింది" అన్నాడు. మంట కబురందుకోడానికి నడుముకి ఎప్పుడూ వేలాడే పేజర్ ఏదంటే, "కొత్త పద్ధతికి మారుస్తున్నారు" అన్నాడు. మా పెట్టెకి జరిగిందే దానికీ జరిగిందనుకున్నాను. మోసపోవాలనుకున్నవాళ్లకి కూడా అంతకంటే మంచి కారణం దొరకదు.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది, వర్జిల్ వెళ్లాడు, ట్వైలా ఫోన్ రాలేదు. దక్షిణాన పొగ నల్లగా లేచింది. నేను ఫోన్ చేస్తే ఎవరూ తియ్యలేదు. వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి. ఆ పొగ తెల్లబడేదాకా నేను ఎన్ని రకాలుగా విధవనయ్యానో దేవుడికే తెలియాలి. పొద్దుగూకే ముందు వర్జిల్ వచ్చి చేతులు కడుక్కుని, "ఏమన్నా ఉందా తినడానికి?" అన్నాడు. మర్నాడు ట్వైలాని అడిగితే "అయ్యో, లాంబర్ట్‌కి పొలానికి భోజనం తీసుకెళ్లానే. మర్చేపోయాను" అంది.

మర్చిపోయింది! స్టవ్ మీద పాలు మర్చిపోయినట్టు చెప్పింది. ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు. నూడుల్స్ అమ్మగా దాచుకున్న డబ్బు తీసుకుని ఆర్డెన్ దుకాణానికి పోయాను.

ఆర్డెన్ పెట్టె బయటికి తీశాడు గానీ నా చేతికివ్వలేదు. మా కౌంటీ మాటలు పట్టేలా సర్దుతూ, "వర్జిల్‌కి తెలుసా నువ్వు కొంటున్నట్టు?" అన్నాడు.

మగాళ్లంతా ఒక్కటేలే అనిపించింది. "నా డబ్బు, నా చెవులు. ఆయన సంతకం కావాలా?" అన్నాను.

"కాదులే" అని తల దించుకున్నాడు. పెట్టె సంచిలో పెట్టి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి పాతదాని వెనక, రొట్టెల డబ్బా చాటున పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం వర్జిల్ భోజనానికి వచ్చి సగం తిన్నాడో లేదో, సైరన్. ఆ మోత అతనికి బాగానే వినపడుతుంది. ముద్ద వదిలేసి, టోపీ పెట్టుకుని పరిగెత్తాడు. పికప్ మలుపు తిరిగాక నేను డబ్బా పక్కకి జరిపి కొత్త స్కానర్ పెట్టాను.

అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో! కౌంటీలో ఫోన్లందుకునే అమ్మాయి ఊపిరి తియ్యడం కూడా వినపడింది. ధాన్యం నిల్వచేసే ఎలివేటర్ దాటాక తూర్పు రోడ్డులో, రెండో కూడలి దగ్గర గోధుమ చేను అంటుకుందని చెప్పింది. నేను అలవాటు కొద్దీ స్టవ్ కట్టేసి కుర్చీ లాక్కున్నాను. రెండు నెలల తర్వాత అతని గొంతు వినబోతున్నానని పెళ్లికూతురిలా కూర్చున్నాను, సిగ్గుచేటు.

"ఇరవై ఏడు బయల్దేరింది. ఇద్దరం ఉన్నాం."

పలికింది కెల్సీ.

మొదట అతను లారీ నడుపుతుంటే పక్కన కూర్చున్న పిల్ల మాట్లాడిందేమో అనుకున్నాను. తర్వాత కౌంటీ అమ్మాయి పేర్లడిగింది. కెల్సీ తన పేరూ, సైకిలు షాపు కుర్రాడి పేరూ చెప్పింది. ఇంకో లారీవాళ్లు పలికారు, డెనిస్ పలికాడు. నేను ఒక్కో గొంతూ పోల్చుకుంటూ, ఇక మిగిలింది అతనే, ఇప్పుడు పలుకుతాడు, ఇప్పుడు పలుకుతాడు అని చూస్తున్నాను. డెనిస్ "ఇరవై ఏడు, పడమటి పక్కకి రా" అన్నాడు. "వస్తున్నా" అంది కెల్సీ.

ఫోన్ మోగింది. ట్వైలా.

"అంతా బాగానే ఉందట. కంగారు పడకు" అంది. "వర్జిల్ ఇప్పుడే పలికాడు. పడమటి పక్కకి వెళ్తున్నాడట."

నా కళ్ల ముందు కొత్త స్కానర్ దీపం వెలుగుతోంది. కెల్సీ నీళ్లు వదలమని అరుస్తోంది. ట్వైలా ఫోన్లో కూడా వెనకాల అదే అరుపు.

"అలాగా" అన్నాను. "మంచిది" అని ఫోన్ పెట్టేశాను.

పొయ్యిలోంచి అప్పుడే తీసిన బీరాక్‌లున్నాయి. గుడ్డలో మూటకట్టుకుని కారెక్కాను. ఎక్కడ మంటో ఇప్పుడు నాకు తెలుసు. అయినా దారిలో ట్వైలా ఇంటి ముందే ఆపాను, ఎప్పటిలాగే.

కారు దిగకముందే వినపడింది. స్కానర్ పెట్టగలిగినంత గట్టిగా పెట్టి ఉంది. వాకిట్లో కోళ్లు బెదిరి ఓ మూలకి చేరాయి. చప్పుడు పడని మనిషి ఇంట్లో ఆ మోత. మిషన్ల షెడ్డు వెనక మా పికప్ వెనక బంపరు కనపడుతోంది.

జాలితలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. వర్జిల్ వంటింటి బల్ల దగ్గర గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ముందుకి వంగి, ఒక చెవి స్కానర్‌కి ఆనించి, అరచెయ్యి చెవి వెనక దొన్నెలా పెట్టి వింటున్నాడు. రెండో చేతి వేళ్లు బల్ల మీద కదులుతున్నాయి, లారీ గేర్లు మార్చినట్టు. నేను లోపలికి వచ్చిన చప్పుడు అతనికి వినపడలేదు. ఎదురుగా ట్వైలా, చెవుల్లో దూది పెట్టుకుని కాఫీ పోస్తోంది. నన్ను చూసి పోస్తూనే ఉండిపోయింది. కాఫీ కప్పు దాటి బల్ల మీదికి పారింది. అది మోచేతికి తగిలాక గానీ వర్జిల్ తల తిప్పలేదు.

వాళ్లిద్దరి మధ్య ఇంకేదో ఉందని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఉంటే ఏడ్చి తిట్టి తగలేసి పోయేదాన్ని. అంతకంటే చెడ్డది చూశాను. నా మొగుడికి దాక్కోడానికీ, తలవంచుకు కూర్చోడానికీ ఒక వంటిల్లు ఉంది, అది నాది కాదు.

"బన్నులు చల్లారిపోతున్నాయి" అన్నాను ట్వైలాతో. "ఐసు నీళ్లు ఎక్కడున్నాయి?"

తను వేలితో చూపించింది. డబ్బా ఎత్తుకుని వచ్చేశాను. ఎవరూ వెనక రాలేదు.

నేను చేరేసరికి మంట ఆరిపోయింది. అందరూ మసికొట్టుకున్న మొహాలతో లారీ నీడన కూలబడి ఉన్నారు. నన్ను చూసి ఒక్కొక్కరూ లేచారు. కెల్సీ ఎడమ చేత్తో కప్పు అందుకుంది. కుడిచెయ్యి ఇంకా ఎర్రగా, చర్మం బిగుసుకుపోయి ఉంది.

"మిస్ మార్లిస్, ఆ నంబరు నాకొద్దన్నాను. వాళ్లే..." అంది. 

డెనిస్ నన్ను పక్కకి పిలిచాడు. "ఈ మధ్య నువ్వు రావడం లేదు. మా మీద కోపమొచ్చిందనుకున్నాం" అన్నాడు.

"ఏం జరిగింది డెనిస్? మొదటి నుంచీ చెప్పు."

అతను నా మొహం చూసి బిత్తరపోయాడు. "నీకు తెలియదా?"

డెనిస్ చెప్పింది ఇదీ. మే నెల ఉత్తరపు మంట రోజున గాలి తిరిగింది. కెల్సీ పైపు పట్టుకుని లారీ ముందుంది. బండి వెనక్కి తియ్యమని డెనిస్ రేడియోలో పిలిచాడు. "ఇరవై ఏడు, వెనక్కి. ఇరవై ఏడు, వినపడుతోందా? ఇరవై ఏడు, పలుకు." వర్జిల్ పలకలేదు. బండి కదల్లేదు. డెనిస్ పరిగెత్తుకెళ్లి తలుపు బాదితే, "ఏంటి?" అన్నాడట. చెవులు చూపించుకుని రమ్మంటే వెళ్లనన్నాడు. ఇక నంబరూ పేజరూ తీసుకోక తప్పలేదు.

"కౌంటీ అంతా విన్నారు మార్లిస్. నువ్వూ విన్నావనే అనుకున్నాం. నీ అంతట నువ్వు ఎత్తితే తప్ప మేమెలా..." అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచీ నేను భయపడింది ఆ ఒక్కదానికే. అతని నంబరు పిలుస్తారు, అతను పలకడు. ఆ రోజు రానే వచ్చింది. ప్రతి వంటింట్లోనూ విన్నారు, స్టవ్‌లు కట్టేసి మరీ విన్నారు. నేనొక్కదాన్నే పాత పెట్టె మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాను. పైగా కాలిన పిల్ల ఇంటికి బన్నులు కూడా పట్టుకెళ్లాను, మా తప్పేమీ లేనట్టు.

ఇంటికొచ్చేసరికి వర్జిల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"చెబుదామనే అనుకున్నాను" అన్నాడు.

"ట్వైలాకి చెప్పావు."

"చెప్పలేదు. ఆమె విన్నది. విన్న మనిషి దగ్గర ఇక దాచేదేముంది? మా వాళ్ల మాటలు వినకుండా ఉండలేకపోయాను మార్లిస్. సైరన్ మోగితే కాళ్లు ఆగవు. ఎక్కడికి పోను?" టోపీ తీసి పక్కన పెట్టి, "నువ్వు ఒక్కదానివే వినలేదు. ఈ కౌంటీలో నేనింకా ఇరవై ఏడుగా ఉన్నది నీ దగ్గరొక్కచోటే" అన్నాడు.

ఇంకో రోజైతే ఆ మాటకి కరిగిపోయేదాన్ని. "నీ పరువు నా దగ్గర నిలబడాలని నన్ను పిచ్చిదాన్ని చేశావు. ప్రతి సైరన్‌కీ నేనిక్కడ చచ్చి బతికాను. నువ్వు అక్కడ కాఫీ తాగావు" అన్నాను.

"ఏంటి?" అన్నాడు.

మళ్లీ చెప్పలేదు.

రెండు రోజులకి ట్వైలా చెర్రీ పండ్లు కూరిన తీపి రొట్టె చేసుకుని వచ్చింది. గుమ్మంలోనే పళ్లెం అందుకున్నాను. లోపలికి రమ్మనలేదు. కెల్సీ వాళ్లమ్మ ఆ రోజు అలసిపోలేదని అప్పుడు బాగా తెలిసింది.

"మీ ఇంటి సంగతి నా నోటితో ఎలా చెప్పనే? మనకో మర్యాద ఉంది కదా" అంది ఏడుస్తూ. "వచ్చి కూర్చుని బతిమాలాడు. పొమ్మనలేకపోయాను."

"మర్యాదంటే నోరు మూసుకోవడం. జోకేశాడనీ నవ్వాడనీ కథలల్లడం కాదు. ఆయన నవ్వు కూడా నువ్వే కల్పించి నాకు వినిపించావు కదే!"

 పళ్లెం కడిగి ఆ సాయంత్రమే వాళ్ల వాకిట్లో పెట్టి వచ్చాను, పలకరించకుండా.

కోతలు చివరికొచ్చాయి. ఊరి చుట్టూ బోడి పొలాలు మిగిలాయి. ఇంట్లో నేనూ వర్జిల్ ఉప్పూ నీళ్లూ అడగడానికి తప్ప మాట్లాడుకోవడం లేదు. కొత్త స్కానర్ ఫ్రిజ్ మీద, పాతదాని స్థానంలో ఉంది. దాన్ని ఎందుకు కొన్నానని అతను అడగలేదు. తిరిగి ఇచ్చెయ్యమని కూడా అనలేదు.

ఆఖరి వారంలో ఓ మధ్యాహ్నం సైరన్ మోగింది. వర్జిల్ బల్ల దగ్గరి నుంచి దిగ్గున లేచాడు. టోపీ వైపు చెయ్యి చాపి, నన్ను చూసి, మళ్లీ కూర్చున్నాడు. నేను స్కానర్ పెట్టాను. చిన్నగా, నాకు వినపడేంత మాత్రమే.

ఏటి ఒడ్డున మంట. చెట్లకి పాకింది. గాలి గట్టిగా ఉంది. "ఇరవై ఏడు, వినపడుతోందా?" అన్నాడు డెనిస్. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. జవాబు లేదు. నేను స్టవ్ కట్టేశాను. వర్జిల్ నా మొహం చూస్తున్నాడు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని సగం లేచాడు. అతనికి దాని గరగర కూడా అందడం లేదని తెలుస్తూనే ఉంది.

"ఏమంటున్నారు?" అన్నాడు. "మార్లిస్, కెల్సీ పలికిందా? ఏమంటున్నారు?"

స్కానర్ పక్కనే చప్పుడు పెంచే మీట ఉంది. వేలితో తిప్పితే చాలు, ఇల్లంతా వినపడుతుంది.

"ఇరవై ఏడు ఇక్కడే ఉన్నా, బాగానే ఉన్నాం" అని కెల్సీ ఆయాసపడుతూ పలికింది. నేను అతని వైపు తిరిగాను.

"అంతా బాగానే ఉందట" అన్నాను. "కంగారు పడకు."

సగం లేచినవాడు నన్నే చూస్తూ కూర్చున్నాడు. అది నిజమో కాదో తెలుసుకునే దారి అతనికి లేదు. నేను స్టవ్ వెలిగించి కూర పెట్టాను.